అమ్మ నొప్పికి మార్ఫిన్ దొరికిన దారి: నా అనుభవం

రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకిందని తెలిసేనాటికి మా అమ్మ పక్క మీద ఒత్తిగిల్లడానికి కూడా మనిషి సాయం కావలసి వచ్చింది. మాది నరసన్నపేట దగ్గరి పల్లె. అమ్మ పుట్టిల్లు ఉద్దానంలోని కవిటి. దగ్గరలో చూపించిన చోట మొదట డైక్లోఫెనాక్, తరువాత ట్రమడాల్ అనే నొప్పి మందులు రాసిచ్చారు. పగలు కొంత తెరిపి ఉండేది గాని, అర్ధరాత్రి దాటాక ఆమె మూలుగు వీధి అరుగు దాకా వినిపించేది. క్యాన్సర్ చికిత్స సంగతి అలా ఉంచి, ముందు ఈ నొప్పి తగ్గే మార్గం ఏదని అడిగినప్పుడు ఒక డాక్టరుగారు మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు పేరు చెప్పారు. ఆ పేరు వినగానే మందుల షాపు కుర్రాడు చీటీ మడిచి నా చేతిలో పెట్టి, "అలాంటివి మేం ఉంచమండి" అన్నాడు.

మార్ఫిన్ మనకు పరాయి సరుకేమీ కాదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు పొందిన రైతులు గసగసాల మొక్కను పండిస్తారు. పచ్చికాయకు గాట్లు పెడితే కారే పాలు గట్టిపడి నల్లమందు అవుతుంది. నీమచ్, ఘాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు దాన్ని శుద్ధి చేస్తాయి; మార్ఫిన్ తీసేది దాని నుంచే. అయినా 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చిన తరువాత, చాలా రాష్ట్రాలలో ఒక్కో ఆసుపత్రి వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవలసి రావడంతో, వైద్యులూ దుకాణదారులూ ఈ మందునే వదిలేశారు. పుష్కర కాలంలోనే దేశంలో దాని వైద్య వినియోగం తొంభై శాతానికి పైగా పడిపోయింది. 2014లో చట్టాన్ని సవరించి, మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్‌లతో కలిపి మొత్తం ఆరు మందులను అత్యావశ్యక మాదక ఔషధాలుగా గుర్తించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఒకే అనుమతి చాలునన్నారు. చట్టం మారినా భయం మారలేదని నాకు ఆ షాపు దగ్గరే అర్థమైంది.

మాకు దగ్గరలో అలాంటి సంస్థ దొరకలేదు. ఆమదాలవలసలో రైలెక్కి విశాఖపట్నంలో నొప్పినీ బాధనూ తగ్గించడానికే ఉన్న ఒక ఉపశమన వైద్య విభాగానికి అమ్మను తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ స్కానింగు కాగితాల కన్నా ముందు అమ్మనే చూసి, సున్నా నుంచి పది వరకు నొప్పికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగారు. నడుములో ఎముకను పిండేసినట్టు ఉందనీ, ఎడమ కాలి వెంట మాత్రం షాక్ కొట్టినట్టు మంట పరుగెడుతోందనీ అమ్మ చెప్పింది. ఆ రెండూ రెండు రకాల నొప్పులనీ, రెండోది నరానిదనీ, దానికి మార్ఫిన్ ఒక్కటే చాలదనీ వివరించి గాబాపెంటిన్ కూడా రాశారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువ గనుక, అమ్మ పుట్టిల్లు కవిటి అని తెలియగానే డాక్టరమ్మ కలం ఆపి, ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మార్ఫిన్ విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పదార్థాలు బయటికి పోక, ఒంట్లోనే పేరుకుని మత్తునూ వణుకునూ కలిగిస్తాయట. అలాంటివారికి చర్మానికి అంటించే ఫెంటనిల్ పట్టీ మేలట. మూత్రపిండాలకు చేటు చేయగల డైక్లోఫెనాక్‌ను ఆ రోజే మాన్పించారు. ఉద్దానం మనుషులకు నొప్పి మాత్రలు ఇచ్చే ప్రతివారూ అడగవలసిన ఆ ప్రశ్న మమ్మల్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

పరీక్షలో ఇబ్బంది ఏమీ కనిపించలేదు. ఆధార్ నకలు, అంగీకార పత్రం, రిజిస్టరులో అమ్మ పేరూ నా సంతకమూ అయ్యాక, మాత్రలను నా ఎదుటే లెక్కపెట్టి ఇచ్చారు; ఖాళీ స్ట్రిప్పులనూ మిగిలిన మాత్రలనూ వెనక్కి తేవాలన్నారు. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు గంటలకు ఒక్కో మోతాదు, రాత్రి పదికి రెట్టింపు. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, రాకముందే గడియారం ప్రకారం వేసుకోవాలి. మలబద్ధకం తప్పదు గనుక విరేచనాల మాత్ర మొదటి రోజు నుంచే మొదలు. మగత మరీ ఎక్కువైనా, ఊపిరి నెమ్మదించినా తరువాతి మోతాదు ఆపి ఫోను చేయాలి, నిద్రమాత్రలు కలపకూడదు.

ఇంటికి వచ్చాక అసలు అడ్డంకి మా పెద్ద మావయ్య. "అది మందు కాదురా, నల్లమందు. అలవాటైపోతే ఏటి చేస్తావు?" అని పంచాయితీ పెట్టాడు. పైగా ఎవరి ద్వారానో తెప్పించిన గంజాయి నూనె సీసా ఒకటి తెచ్చి, ఇదైతే చెట్టు మందే కదా అన్నాడు. రెండూ మొక్కల నుంచి వచ్చినవే. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ వంటి పదార్థాలు కొందరికి నరాల నొప్పిలోనూ, కీమోథెరపీ వాంతులలోనూ ఉపకరిస్తాయనీ, క్యాన్సర్ నొప్పి మీద జరిగిన పెద్ద పరీక్షలలో మాత్రం ఆశించినంత ఫలితం కనబడలేదనీ డాక్టరమ్మ ఫోనులో చెప్పారు. లేబులు లేని ఆ సీసాలో చుక్కకు ఎంత మందు ఉందో ఎవరికీ తెలియదు, పైగా పట్టుబడితే కేసు. మావయ్య అలిగాడు గాని సీసా తీసుకుని వెళ్లిపోయాడు.

మొదటి రెండు మూడు రోజులు అమ్మకు వికారం, మగత. ఆ తరువాత ఒక తెల్లవారుజామున లేచి చూస్తే ఆమె గోడ వైపు తిరిగి నిద్రపోతోంది; ఎవరూ పట్టుకోకుండా తానే ఒత్తిగిల్లింది. నొప్పి మార్కులు తొమ్మిది నుంచి మూడుకు దిగాయి. కాలి మంట పూర్తిగా పోలేదు, ఇప్పటికీ ఉంది. తరువాత వెన్నుకు ఒకే విడతలో 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇచ్చారు. కొన్ని వారాలకు ఎముక నొప్పి ఇంకా తగ్గడంతో, డాక్టరమ్మ మార్ఫిన్‌ను మెల్లమెల్లగా సగానికి దించారు. హఠాత్తుగా ఆపితే ఒళ్లు నొప్పులు, చెమటలు పడతాయి గనుక మెట్లు మెట్లుగా దించాలి. శరీరం మందుకు అలవాటుపడటం వేరు, మనిషి మత్తుకు బానిస కావడం వేరు. అమ్మ ఒక్క మాత్ర కూడా ఎక్కువ అడగలేదు, పైగా మధ్యాహ్నం మోతాదు మానేస్తానని నాతో బేరమాడేది. ఇది చూశాక మావయ్య వాదన మానుకున్నాడు, ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

ఇక మిగిలిన కష్టమల్లా ప్రయాణమే. మందు ఖరీదు కన్నా రైలు, ఆటో ఖర్చులే ఎక్కువవుతున్నాయి, అమ్మలాంటివారు అన్నిసార్లు అంత దూరం కూర్చోలేరు. శిక్షణ పొందిన వైద్యుడు ఉన్న ఆసుపత్రి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారికి దరఖాస్తు చేస్తే మార్ఫిన్ ఇచ్చేందుకు ఈ గుర్తింపు పొందవచ్చు కాబట్టి, మా ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రి చేత ఆ దరఖాస్తు పెట్టించాలని కోరుతూ శ్రీకాకుళం కలెక్టరేటులో సోమవారం అర్జీల కార్యక్రమంలో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు, జవాబు ఇంకా రాలేదు.