ఉంగరం తొడిగిన పిట్ట మళ్ళీ దొరికితేనే

గుంటూరు పరిసరాల్లో వలస పక్షులను చూడాలనుకునేవారు సాధారణంగా ఉప్పలపాడు చెరువుకే వెళ్తారు. అక్కడి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, చలికాలపు సాయంత్రాల్లో గుంపులుగా దిగే గులాబి గోరింకలు ఎవరినైనా నిలబెట్టేస్తాయి. నాకు మాత్రం అంతకంటే ఆసక్తికరంగా అనిపించేది, మన వేప, చింత చెట్ల ఆకుల చాటున పురుగులు ఏరుకు తింటూ చలికాలమంతా గడిపే గ్రీనిష్ వార్బ్లర్. సుమారు 8 గ్రాములు తూగే ఈ పిట్ట, హిమాలయాల నుంచి సైబీరియా అడవుల దాకా విస్తరించిన ప్రాంతంలో గూళ్ళు కట్టుకుని, పిల్లలను పెంచి, ఇక్కడికి వస్తుంది.

నిరుడు ఒక తోపులో కూసిన వార్బ్లరూ ఈ ఏడు అక్కడే కూస్తున్న వార్బ్లరూ ఒకటేనా అన్న ప్రశ్నకు బైనాక్యులర్ జవాబు చెప్పలేదు. లెక్కింపు వల్ల ఎన్ని పిట్టలు కనిపించాయో తెలుస్తుంది గాని, సంఖ్య తగ్గినప్పుడు ఉత్తరాన పిల్లలు తక్కువగా పుట్టాయా, లేక పెద్ద పక్షులే దారిలోనో ఇక్కడి చలికాలంలోనో చనిపోయాయా అన్నది తేలదు. ఆ రెండింటినీ విడదీసి చూపగలిగేది, సంఖ్య చెక్కి పిట్ట కాలికి తొడిగే ఉంగరమే. అది ఉన్న పిట్ట మళ్ళీ దొరికితే, నిరుటి పిట్టే బతికి ఉందని తెలుస్తుంది.

ఉంగరం తొడిగే పని తెల్లవారకముందే మొదలవుతుంది. కంటికి ఆనని సన్నని దారాల వలను పొదల మధ్య నిలువుగా కడతారు. తగిలిన పిట్ట వల మడతలోకి జారి ఆగుతుంది. కొద్ది నిమిషాలకోసారి వల చూడాలి, ఎండ ముదిరినా, గాలి పెరిగినా, చినుకు పడినా మూసేయాలి. పిట్టను గుడ్డ సంచిలో తెచ్చి, చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ మెడ ఇమిడేలా పట్టుకుని, సంఖ్య చెక్కిన అల్యూమినియం ఉంగరాన్ని ప్రత్యేకమైన పటకారుతో బిగిస్తారు. రెక్క పొడవు, బరువు, ఈకలు రాల్చిన తీరు రాసుకుంటారు. గొంతు కింది గుంటలో పసుప్పచ్చని కొవ్వు ఎంత నిండిందో ఈకలను ఊది చూస్తారు. ప్రయాణానికి ఆ కొవ్వే ఇంధనం కనుక, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ గమనింపుకు విలువ మరింత ఎక్కువ.

1899లో డెన్మార్క్‌లోని వీబోర్గ్‌లో మోర్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు గోరింక జాతి పక్షులకు ఇలాంటి ఉంగరాలు తొడగడంతో ఈ పద్ధతి శాస్త్రీయ రూపం దాల్చింది. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927లో ప్రారంభించగా, 1959 నుంచి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆధ్వర్యంలో పెద్దయెత్తున సాగింది. అప్పటి ఆర్థిక సహాయం ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి రావడానికి కారణం పిట్టల మీద ప్రేమ కాదు, అవి రోగాలను మోసుకొస్తున్నాయేమోనన్న అనుమానం.

చిన్న పిట్టల విషయంలో, ఉంగరం తొడిగినవి దూర దేశాల్లో మళ్ళీ దొరకడం బహు అరుదు. అందుకే ఏటా అదే చోట, అదే కాలంలో, అన్నే వలలతో పట్టడం ముఖ్యం. ఒకే చోట పిట్టలను ఓపికగా గమనిస్తే ఏం తెలుస్తుందో చెప్పడానికి, పక్షి శాస్త్రవేత్త ట్రెవర్ ప్రైస్ మన తూర్పు కనుమల్లో చేసి, 1981లో ప్రచురించిన అధ్యయనం నాకు నచ్చిన ఉదాహరణ. చలికాలంలో ఈ వార్బ్లర్లు గుంపుగా తిరగవనీ, ఒక్కో పిట్టా తన హద్దును ఏర్పరచుకుని కాపాడుకుంటుందనీ ఆయన చూపారు. కాబట్టి ఒక తోపు నరికితే అందులోని పిట్ట పక్క తోపుకు వెళ్తుందిలే అనుకోవడానికి వీల్లేదు, అక్కడ మరో పిట్ట కాపలా కాస్తూ ఉండవచ్చు.

ఉపగ్రహ పరికరాలు వచ్చాక ఉంగరం ఎందుకని అడిగేవారుంటారు. పక్షి మీద మోపే బరువు దాని శరీర బరువులో 3 నుంచి 5 శాతం మించకూడదన్నది సాధారణ నియమం. 8 గ్రాముల పిట్టకు అది అర గ్రాముకన్నా తక్కువ. పగటి వెలుతురును బట్టి చోటును అంచనా వేసే చిన్న పరికరాలు ఉన్నా, వాటిలో చాలావాటి సమాచారం కోసం అదే పిట్టను మళ్ళీ పట్టుకోవాలి. ఉంగరం బరువు గ్రాములో కొన్ని వందో వంతులే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వల కట్టడం నేరం కనుక, నాలాంటివారు కొండవీడు, కొండపల్లి దారుల్లో కంటితో చూసినవీ, వెతికినా కనిపించనివీ తేదీతో రాసుకోవడమే చేయగలరు. ఎక్కడైనా ఉంగరం ఉన్న పక్షి కనిపిస్తే, దాని మీది అక్షరాలు, సంఖ్య, తేదీ, స్థలం రాసుకుని ఉంగరం మీద పేరున్న సంస్థకు తెలియజేయండి. చనిపోయిన పక్షి అయితే ఉంగరానికి ఫొటో తీయండి. బతికి ఉంటే మాత్రం ఉంగరం ఊడదీయకండి.