ఆక్సిజన్ తగ్గిస్తున్నారేంటి అని నేను గొడవపడ్డాను

29వ వారంలోనే ఉమ్మనీరు పోయింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం నాకు స్టెరాయిడ్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు కానీ కోర్సు పూర్తి కాకముందే బాబు పుట్టేశాడు, 1,150 గ్రాములు. "ఏడో నెల పిల్లలు గట్టి పిండాలమ్మా, దిగులు పడకు" అని అత్తయ్య అంటూనే ఉంది, నాకేమో వాడు ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంటపడటమే కనిపించేది.

ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పూత ఉండాలట, నెలలు నిండని పిల్లల్లో అది సరిపడా ఉండదు. ఆ మందునే సన్నటి గొట్టంతో నేరుగా ఊపిరితిత్తుల్లోకి ఎక్కించి, ముక్కుకి సీప్యాప్ పెట్టారు, అంటే ఊపిరితిత్తులు ముడుచుకోకుండా ఒత్తిడితో గాలి పంపే గొట్టాలు. దాని రెండో గొట్టం కొస నీళ్ళ సీసాలో మునిగి ఉంటుంది, బుడగలు వస్తున్నాయంటే ఒత్తిడి అందుతున్నట్టు. లోపలికి వెళ్ళగానే ముందు ఆ సీసా వైపే చూసేదాన్ని.

అసలు టెన్షన్ ఆక్సిజన్‌తోనే. మానిటర్ మీద రక్తంలో ఆక్సిజన్ 98 శాతం అని కనబడితే నాకు ప్రాణం లేచొచ్చేది, సిస్టర్ మాత్రం వచ్చి ఆక్సిజన్ తగ్గించేది. ఓ రోజు ఉండబట్టలేక గట్టిగానే అడిగేశాను. "ఆక్సిజన్ పెట్టినంతకాలం 90 నుంచి 95 మధ్య ఉండాలమ్మా, ఎక్కువైతే కళ్ళకి దెబ్బ" అంది. నెలలు నిండని పిల్లలకి రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగవు కదా, ఆక్సిజన్ ఎక్కువైతే అవి అడ్డదిడ్డంగా పెరుగుతాయి, కనిపెట్టకపోతే చూపే పోవచ్చు. దాన్నే ఆర్‌ఓపీ అంటారు. అలాగని తక్కువైతే ప్రాణానికే ముప్పు. ఆ తర్వాత ఆవిడ తగ్గిస్తుంటే నేనేమీ అనలేదు.

మధ్యలో ఊపిరి తీయడమే మరిచిపోయేవాడు, అరికాలు రుద్దితే మళ్ళీ తీసుకునేవాడు. దానికి కెఫీన్ ఇచ్చారు, కాఫీలో ఉండేదే. గుండెల మీద వేసుకుని కూర్చుంటే నంబర్ కిందికీ పైకీ ఊగడం తగ్గేది.

పుట్టిన నెలలోపు కంటి పరీక్ష చేయించాం. కొద్దిగా ఆర్‌ఓపీ ఉందన్నారు, లేజర్ అవసరం లేకుండానే తగ్గిపోయింది. డిశ్చార్జి హడావుడిలో ఈ పరీక్ష వదిలేయకండి, ఎవరూ చెప్పకపోయినా మీరే అడగండి, మళ్ళీ ఎప్పుడు రావాలో రాయించుకోండి.

ఇప్పుడు ఇల్లంతా పరిగెడుతున్నాడు. జలుబు చేస్తే మాత్రం చొక్కా ఎత్తి పక్కటెముకల దగ్గరే చూస్తాం, లోపలికి లాగుతుంటే ఇంటి వైద్యాలతో కాలం గడపకుండా నేరుగా ఆసుపత్రికే.