ఒంటిమిట్టలో ‘ఓ’ అన్న రాముడు

మొన్న మా బంధువులు ఒంటిమిట్ట వెళ్లొచ్చి ఫోన్‌లో ఫొటోలు చూపించారు. గోపురం ముందు ఓ ఇరవై, ప్రాకారం పక్కన ఓ పాతిక. అన్నీ చూశాక, ఇమాం బేగ్ బావి దగ్గరికి వెళ్లారా అని అడిగాను. అదెక్కడుంది అన్నారు. సరే, స్వామిని పిలిచారా అన్నాను. అర్చన చేయించాం, గోత్రనామాలు చెప్పాం, హారతి కళ్లకద్దుకున్నాం, ఇంకా పిలవడమేంటి అని నా వైపు వింతగా చూశారు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. కడప నుంచి పట్టుమని ముప్పై కిలోమీటర్లు లేని ఊరు, పిలిస్తే పలికిన దేవుడని తరతరాలుగా చెప్పుకుంటున్న కోదండరాముడి గుడి. అక్కడిదాకా వెళ్లి, గంటన్నర క్యూలో నిలబడి, పిలవకుండానే తిరిగొచ్చేస్తున్నాం.

కథ మీకు తెలిసిందే. 1640 నాటి ముచ్చట అంటారు. నవాబు తరఫున ఈ సీమలో అధికారం చేసే ఇమాం బేగ్ గుడికి వచ్చి, వచ్చేపోయే భక్తులను ఆపి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. మనసారా పిలిస్తే ఎందుకు పలకడు అన్నారు వాళ్లు. ఆయన తలుపు ముందు నిలబడి ‘రామా’ అని మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ లోపలి నుంచి ‘ఓ’ అని బదులొచ్చింది. ఆ మనిషి కరిగిపోయి, స్వామికి భక్తుడై, గుడి నీటి అవసరానికి బావి తవ్వించాడు. ఈ కథను మనం ఎందుకు చెప్పుకుంటున్నామయ్యా అంటే, చూశారా వేరే మతం ఆయన కూడా మన దేవుణ్ణి నమ్మాడు అని ఛాతీ విరుచుకోవడానికి. లేదంటే సభల్లో మతసామరస్యం గురించి ఓ మాట అనడానికి. ఈ రెండింటి మధ్యా ఆ ‘ఓ’ ఎవరికీ వినపడకుండా పోయింది.

ఒక్కసారి ఆ ‘ఓ’ దగ్గర ఆగండి. స్వామి శ్లోకం చెప్పలేదు. ‘వత్సా, నీ భక్తికి మెచ్చితిని’ అనలేదు. ‘ఎవరు నువ్వు, ఏం కావాలి’ అని కూడా అనలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ అమ్మ గడపలో నిలబడి పిలిస్తే, ఎక్కడో వీధి చివర ఆడుకుంటున్న పిల్లవాడు ఏమంటాడు? ‘ఓ..’ అంటాడు. ఉన్నానమ్మా, వినపడింది, వస్తున్నా అని. ఈ మూడూ ఆ ఒక్క అక్షరంలో ఉన్నాయి. నాకు తెలిసి తెలుగులో ఇంతకన్నా దగ్గరితనం ఉన్న మాట లేదు. కొత్తవాళ్లు పిలిస్తే మనం ‘ఓ’ అనం, ‘చెప్పండి’ అంటాం. అయినవాళ్లు పిలిస్తేనే ‘ఓ’ వస్తుంది. అంటే స్వామి ఆ పరాయి మనిషిని మొదటి పిలుపుకే అయినవాణ్ణి చేసుకున్నాడు. ఓంకారంలో మకారం దాకా కూడా ఆగలేదు, పెదవులు మూసుకునేంత ఆలస్యం కూడా చేయలేదు అని నేను అనుకుంటూ ఉంటాను. ఇది శాస్త్రంలో ఉందా అని అడక్కండి, నా మనసులో ఉంది.

ఇంకో సంగతి. బేగ్‌కు గోత్రం లేదు. నక్షత్రం చెప్పలేదు, టికెట్ తీసుకోలేదు, సంకల్పం లేదు. మనం అర్చనకు నిలబడితే మొదట గోత్రం, తర్వాత మన పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు, అమెరికాలో ఉన్న కొడుకు పేరు కూడా చెప్పి, పంతులుగారు ఒక పేరు మింగేస్తే టెన్షన్ పడిపోతాం. మన పేర్లన్నీ ఆయనకు వినిపించాలన్న తపనలో ఆయన పేరు మనం పిలవడం మరిచిపోతున్నాం. అర్చన వద్దని చెప్పడం లేదు, నేనూ చేయిస్తాను. కానీ బేగ్ చేతిలో ఉన్నది ఆ రెండక్షరాలే, అవీ పరీక్ష పెట్టడానికి తెచ్చుకున్నవి. వాటికే తలుపు అవతల నుంచి బదులొచ్చిందంటే, ఇన్ని తెచ్చుకుని వెళ్లే మనకు ఎందుకు రావడం లేదో ఆలోచించాలి కదా.

ఒంటిమిట్ట గర్భగుడిలో హనుమంతుడు లేడన్నది అందరూ చెప్పేదే. ఒకే శిలలో సీతారామలక్ష్మణులు, అందుకే ఏకశిలానగరం. హనుమంతుడు రాముణ్ణి ఇంకా కలవక ముందటి మూర్తి అని పెద్దల మాట, ఎదురుగా సంజీవరాయ స్వామిగా ఆయనకు వేరే గుడి ఉంది. ఇది విని ‘ఓహో విశేషమే’ అని ముందుకు వెళ్లిపోతాం. నాకైతే ఇందులోనే ఆ ‘ఓ’ రహస్యం ఉందనిపిస్తుంది. హనుమ రాలేదంటే కబురు మోసే దూత ఇంకా రాలేదు. మన మాట విని వెళ్లి చెప్పేవాడు లేడు, ఆయన మాట తెచ్చి మనకు అందించేవాడు లేడు. కాబట్టి ఈ గుళ్లో ఎవరు పిలిచినా స్వామి తానే వినాలి, తానే పలకాలి. సిఫార్సుకు తావు లేని గుడి ఇది. వీఐపీ పాసుల కోసం వారం ముందు నుంచి ఫోన్లు చేసేవాళ్లు ఈ మాట కాస్త మనసులో పెట్టుకోవాలి.

చిన్నప్పుడు మా అవ్వ నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లేది. ఆమెకు చదువు రాదు. ధ్వజస్తంభం దగ్గర ఆగి, చెంగు నడుముకు బిగించి, ఒక చేత్తో ఆ పీఠం రాయి పట్టుకుని ‘రామయ్యా’ అని పిలిచేది. గట్టిగా కాదు, పక్కింటి మనిషిని గోడ మీంచి పిలిచినట్టు. పిలిచి ఊరుకునేది. తల కొంచెం పక్కకు వంచి, చెవి వెనక అరచేయి పెట్టుకుని, కళ్లు మూసుకోకుండా గర్భగుడి వైపే చూస్తూ అలా నిలబడేది. కాసేపటికి మళ్లీ ‘రామయ్యా’. మళ్లీ నిశ్శబ్దం. నాకు కాళ్లు కాలుతుంటే ‘ఏమన్నా వినపడిందా అవ్వా’ అని గుంజేవాణ్ణి. ‘నువ్వు గమ్మునుంటే కదా నాయనా వినపడేది’ అనేది. అంతకు మించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఇన్నేళ్లకు తెలుస్తోంది, ఆ మాటలోనే అంతా ఉంది. బేగ్ మూడుసార్లు పిలిచాడంటే మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆగబట్టే బదులు వినపడింది. మనం ఆగం. నామం మీద నామం, దాని మీద కోరిక, దాని మీద ఇంకో కోరిక. అవతలివాళ్లు హలో అంటున్నా వినకుండా మాట్లాడుతూ పోయేవాళ్లతో ఫోన్‌లో ఎంత విసుగొస్తుందో మనకు తెలుసు.

అనుమానంతో పిలిచాడు కదా, అదేం భక్తి అని ఒకాయన నాతో వాదించాడు. మరి గజేంద్రుడు? ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నది ఎవరు? పోతన తన ఏనుగు నోట ఆ అనుమానాన్ని దాచకుండా పలికించాడు, దాని తర్వాతే స్వామి సిరికి కూడా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. పోతన బమ్మెరవాడా ఒంటిమిట్టవాడా అన్న గొడవ నాకు పట్టదు. తన చేత పలికించేవాడు రామభద్రుడని చెప్పుకున్న ఆ మహానుభావుడు ఏ ఊరివాడైనా మనవాడే. నేను చెప్పేది ఒకటే. బేగ్ ప్రశ్న, గజేంద్రుడి ప్రశ్న ఒకటే. ఉన్నావా? ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడి, ఉన్నాడులే అని పైపైన నమ్మేసి, ఏడాదికోసారి దణ్ణం పెట్టి వచ్చేయడం కన్నా తలుపు ముందు నిలబడి అడగడం మేలు. అడిగినవాడికే కదా జవాబు వినాలని ఉంటుంది.

కొన్నేళ్ల కింద అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను రాత్రంతా వరండాలో కూర్చుని రామనామం చేశాను. ఫోన్‌లో లెక్క పెట్టుకుంటూ, లక్ష పూర్తయితే అమ్మ లేస్తుందని నాకు నేనే ఒప్పందం రాసుకుని, గుక్క తిప్పుకోకుండా. మూడో రాత్రి ఏ నాలుగింటికో గొంతు పోయింది. అప్పుడు అవ్వ గుర్తొచ్చింది. ఫోన్ పక్కన పెట్టి, ఒక్కసారి ‘రామయ్యా’ అని పిలిచి ఊరుకున్నాను. ఏమీ వినపడలేదు. లోపల మెషీన్ల చప్పుడు, ఎవరిదో దగ్గు. మళ్లీ పిలిచాను. అప్పుడు, అంతసేపూ నా పక్క బెంచీ మీదే పడుకుని ఉన్న ఒక ముసలాయన గొంతు వినపడింది. ‘బాబూ, కాసిన్ని నీళ్లు ఉన్నాయా’ అని. ఆయన ఆ మాట అడగడం మొదటిసారి కాదట, రెండు మూడుసార్లు అడిగాడట, నేను జపంలో ఉండి వినలేదు. సీసా మూత తీసి ఇస్తుంటే నా చేతులు వణికాయి. అమ్మ తర్వాత కోలుకుని ఇంటికొచ్చింది. దానికీ దీనికీ నేను ముడి పెట్టను. కానీ ఆ రాత్రి ‘ఓ’ ఏ గొంతులో వచ్చిందో నాకు మాత్రం అనుమానం లేదు.

అందుకే ఆ బావి అంటే నాకంత పట్టింపు. బదులు విన్న బేగ్ ఇంకేం కట్టించి ఉంటే ఎలా ఉండేదో గానీ, నీళ్లిచ్చాడు. ఈ స్థలం కథలన్నీ దాహం చుట్టూనే తిరుగుతాయి, గమనించారా? అరణ్యవాసంలో సీతమ్మకు దాహమేస్తే రామయ్య బాణం వేసి నీళ్లు తెప్పించాడు, అవే రామతీర్థం, లక్ష్మణతీర్థం. కంపరాయలు అనే రాజు ఇటుగా వచ్చి దప్పికగొంటే ఒంటడు, మిట్టడు అనే బోయ అన్నదమ్ములు నీళ్లు చూపించారని, ఆయన ఇచ్చిన సాయంతో వాళ్లే గుడి కట్టించారని ఒక కథ. వాళ్లు మొదట దారిదోపిడీ చేసేవాళ్లని, తర్వాత మారారని ఇంకో కథ. ఎలా చూసినా ఊరికి పేరు రాజుది కాదు, దాహం తీర్చినవాళ్లది. వానలకు మొహం వాచిన సీమలో దేవుడు పలికాడనడానికి నీళ్లకన్నా సాక్ష్యం ఏముంటుంది?

పిలిచినవాళ్లలో వావిలికొలను సుబ్బారావు గారిని మరిచిపోకూడదు. 1863లో పుట్టి 1936లో వెళ్లిపోయారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం, వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న పాండిత్యం. అంతటి మనిషి శిథిలమైన ఈ గుడి కోసం టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తారు. ఆ చిప్పను ఒక్కసారి ఊహించుకోండి, లోపల పీచు గీసి నున్నగా చేసిన సగం చిప్ప, అందులో ఎవరో వేసిన కాణీ ఇంకెవరో వేసిన అణా. ఆ చిప్ప మీదే ఆయన శతకం చెప్పారు. ఇప్పుడు గుడికి ఏ లోటూ లేదు. రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వ లాంఛనాలు వచ్చాయి, పట్టువస్త్రాలు వస్తున్నాయి, టీటీడీ చూసుకుంటోంది. సంతోషమే. పగటి పెళ్లి చూడలేకపోయానన్న చంద్రుడి ముచ్చట తీర్చడానికి పండువెన్నెల్లో జరిగే సీతారాముల కల్యాణాన్ని లక్షలమంది చూస్తున్నారు. కానీ తలంబ్రాల కోసం తోసుకుంటూ ముందు నిలబడ్డ ముసలమ్మను నెట్టేస్తుంటే, చంద్రుడి కోసం రాత్రి దాకా ఆగిన స్వామికి ఎలా ఉంటుందో!

ఈసారి వెళ్లినప్పుడు ఫోన్ సంచిలో పెట్టండి. ధ్వజస్తంభం దగ్గర పక్కకు జరిగి, వెనకవాళ్లకు దారి వదిలి, మీకు వచ్చిన మాటతో పిలవండి. రామా అనండి, రామయ్యా అనండి, తండ్రీ అనండి. పిలిచి ఊరుకోండి. పిల్లలు గోల చేస్తే కసరకండి, చెవి వెనక చేయి పెట్టుకోవడం వాళ్లకు కూడా నేర్పండి. తర్వాత బావి దగ్గరికి వెళ్లండి. నేను వచ్చే చైత్రంలో కల్యాణం రాత్రి రెండు క్యాన్ల నీళ్లు, ఓ యాభై స్టీలు గ్లాసులు తీసుకుని దారిలో ఒక పక్కన కూర్చుందామనుకుంటున్నాను. అవ్వ చెంబు ఇంట్లోనే ఉంది, అది కూడా తోమి పెట్టాను.