మూడు రోజులు అమ్మ చేదు స్మూతీ తాగింది: నా అనుభవం

నిన్నటిదాకా ఇది రాసే మనసు లేదు. ఈ రోజు అమ్మ గ్లాసు ఖాళీ చేసి "ఇంకొంచెం ఉందా నాయనా" అని అడిగింది కాబట్టి కూర్చున్నాను. ఇంట్లో పళ్లు లేని పెద్దవాళ్లు ఉంటే ఇది చివరిదాకా చదవండి, నేను పడిన అవమానం మీరు పడనక్కర్లేదు.

మాది నెల్లూరు. అమ్మకి 70 దాటాయి. ఏప్రిల్‌లో మిగిలిన పళ్లన్నీ తీయించాము. చిగుళ్లు బాగా మానాలి, రెండు నెలలకు పైగా ఆగి పళ్లసెట్టు పెడదామన్నారు డాక్టరు. అప్పటిదాకా మెత్తటివే. పాలల్లో నానేసిన ఇడ్లీ, చిదిమిన పెరుగన్నం, గంజి. వారానికే ఆమెకి నోరు చచ్చిపోయింది. బంగినపల్లి బండ్లు వీధిలోకి వస్తుంటే అరుగు మీద కూర్చుని చూసేది. మా అమ్మ మామిడిపండు తింటే టెంక తెల్లబడేదాకా వదలదు, అట్లాంటి మనిషి. మా ఇంటావిడ కాన్పుకి కందుకూరు వెళ్లింది, కాబట్టి వంటిల్లు నాదే.

ముందు బయట జ్యూసు తెచ్చాను. అందులో పండు ఎంతో నాకు తెలియదు గానీ గ్లాసు అడుగున కరగని పంచదార మాత్రం కనిపించింది. మెత్తని పిప్పంతా వడకట్టి పారేస్తారు, ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరూ చెప్పరు. వద్దనుకున్నాను. ఇంట్లోనే చేస్తే పీచుతో సహా పండంతా లోపలికి పోతుంది, పంచదార అక్కర్లేదు.

పండ్లు కొనడం, కోయడం ఏమీ కష్టం కాదు. మిక్సీ దగ్గర మాత్రం డబ్బులు పోయాయి. మామిడి ముక్కలు ఫ్రీజర్లో గడ్డకట్టించి వేస్తే చిక్కగా వస్తుందని ఒక వీడియోలో చూసి అట్లాగే చేశాను. మాది 500 వాట్ల మిక్సీ. రాళ్లలాంటి ముక్కలు వేసి తిప్పగానే ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. రిపేరు షాపుకి తీసుకెళ్తే "మోటారు చూడాలి, రేపు రండి" అన్నాడు. మర్నాడు 450 రూపాయలు తీసుకుని చేతిలో పెట్టాడు. వారం తర్వాత మళ్లీ ఆగితే పక్కింటాయన మిక్సీని తిరగేసి కింద ఉన్న చిన్న ఎర్ర బటన్ చూపించారు. లోడు ఎక్కువైనప్పుడు మోటారు కాలిపోకుండా అదే కరెంటు ఆపేస్తుందట, కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మామూలే. నొక్కాను, తిరిగింది. మిక్సీ అడుగు స్క్రూల మీద దుమ్ము కూడా కదల్లేదు, మరి ఆ 450 దేనికి తీసుకున్నాడో వాడికే తెలియాలి. మీరు షాపుకి పరిగెత్తేముందు మిక్సీ తిరగేసి చూడండి. గడ్డకట్టిన ముక్కల్ని పది నిమిషాలు బయట ఉంచి, జార్లో ముందు నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పండి.

ఇక అసలు సంగతి.

మొదటిసారి ఒక ఆదివారం సాయంత్రం చేశాను. కప్పు బొప్పాయి ముక్కలు, సగం మామిడిపండు, ఒక అరటిపండు, నాలుగు అనాస ముక్కలు, కాచి చల్లార్చిన బర్రెపాలు ఒక గ్లాసు. వెంటనే తాగాము. రుచి చాలా బాగుంది, కాకపోతే అమ్మ "చిగుళ్లు కోస్తున్నట్టు మండుతున్నాయి" అంది. అది అనాస పని, మామూలు నోటికే నాలుక చుర్రుమంటుంది, మానని చిగుళ్ల సంగతి చెప్పాలా. అనాస తీసేశాను. స్ట్రా కూడా ఇవ్వలేదు. పళ్లు తీయించుకున్న కొత్తల్లో గట్టిగా పీలిస్తే గాయం మీద కట్టిన గడ్డ ఊడి వస్తుందని డాక్టరు ముందే చెప్పారు, మాకు ఆ భయం అలాగే ఉండిపోయింది.

సోమవారం నుంచి పద్ధతి పెట్టుకున్నాను. ట్రంకు రోడ్డులో ఒక బట్టల షాపులో అకౌంట్లు రాస్తాను, ఎనిమిదిన్నరకి బయటపడాలి. పొద్దున ఏడింటికి స్మూతీ చేసి, స్టీలు గ్లాసులో పోసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి వెళ్లేవాణ్ణి. అమ్మ పదకొండింటికి తాగేది. సాయంత్రం వచ్చి "బాగుందా అమ్మా" అంటే "బాగుంది నాయనా" అనేది. సోమ, మంగళ, బుధ. మూడు రోజులూ గ్లాసు కడిగి బోర్లించి ఉండేది.

గురువారం కావలి నుంచి అక్క వచ్చింది. నేను షాపులో ఉన్నాను. ఎండలో పడి వచ్చింది కదా, అమ్మ ఆ గ్లాసు అక్క చేతిలో పెట్టింది. ఒక్క గుక్క తాగి సింకులో ఉమ్మేసి నాకు ఫోన్ చేసింది. "ఏందిరా ఇది? కాకరకాయ రసంలా ఉంది, ఇది అమ్మకి తాగిస్తున్నావా?" నాకు అర్థం కాలేదు. పొద్దున నేనే రుచి చూశాను, తియ్యగా ఉంది. ఆ మాటే చెబితే "అంటే నేను అబద్ధం చెబుతున్నానా" అంది. మధ్యాహ్నానికి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది, తమ్ముడు కుళ్లిపోయిన పండ్లు అమ్మ చేత తాగిస్తున్నాడు, పెళ్లాం లేకపోతే ఇంతే అని. పిన్నమ్మ ఒకటి, పెదనాన్న కోడలు ఒకటి, తలా ఒక మాట. షాపులో బిల్లు పుస్తకం ముందు పెట్టుకుని అవన్నీ చదువుతుంటే నాకు చేతులు వణికాయి. పొద్దున ఐదున్నరకి లేచి పండ్లు కోసే మనిషికి ఆ మాట పడాలా?

ఇంటికొచ్చి అమ్మని నిలదీశాను. చాలాసేపు చెప్పలేదు. చివరికి "మూడు రోజుల నుంచీ చేదుగానే ఉంటంది. పొద్దున్నే లేచి చేసిపెడతన్నావు, చేదని నీకు ఎట్ట చెప్పేది నాయనా" అంది. అక్క మాటలకి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

పాలు అనుమానించాను. అవే పాలతో టీ పెట్టాను, బాగుంది. మిక్సీ జారు అడుగు కడిగి వాసన చూశాను, ఏమీ లేదు. ఇక మిగిలింది బొప్పాయి. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను.

శుక్రవారం సాయంత్రం, ఆ పొద్దున చేసిన స్మూతీని ఒక సీసాలో పోసుకుని, మిగిలిన సగం బొప్పాయి కవర్లో వేసుకుని, మద్రాసు బస్టాండు దగ్గర నేను కొనే పండ్లబండికి పోయాను. ఆమెకి అరవై ఉంటాయి. పదిమంది కొనుక్కుంటున్నారు. అందరి ముందూ "మందేసి మాగబెట్టిన కాయలు అమ్ముతున్నావా? మా అమ్మ మూడు రోజులు చేదు తాగింది" అని అరిచాను. కార్బైడ్ వీడియోలు చూసి చూసి బుర్రలో అదే ఉండిపోయింది. కార్బైడ్‌తో మాగబెట్టడం నేరమే, చట్టం ఒప్పుకునేది ఇథిలీన్ వాయువుని, అదీ 100 పీపీఎం దాకా, అంటే గాలిలో పది లక్షల పాళ్లకి వంద పాళ్లు. కానీ మా గ్లాసులో చేదుకీ దానికీ ఏ సంబంధమూ లేదని నాకు అప్పుడు తెలియదు.

ఆమె అరవలేదు. నా చేతిలో కవరు తీసుకుని, ఆ సగం కాయని చెక్కు తీసి ముక్కలు కోసి, ముందు తను ఒకటి తిని, నిలబడిన వాళ్లందరి చేతుల్లో తలా ఒకటి పెట్టింది. "చేదుందేమో చెప్పండి సామీ." అందరూ తిన్నారు. "కలకండలా ఉంది" అన్నాడు ఒకాయన. అప్పుడు నా వైపు ఒక ముక్క చాచి "నువ్వు కూడా తిను అబ్బయ్యా" అంది. తిన్నాను. తియ్యగా ఉంది. మింగుడు పడలేదు.

తర్వాత సీసా మూత తీసి వాసన చూసింది. "పాలు పోశావా?"

"పోశాను."

"ఎప్పుడు చేశావు?"

"పొద్దున."

"మీ ఇంట్లో ముదురు మాంసం ఉడక్కపోతే కూరలో ఏమేస్తారు?"

"పచ్చి బొప్పాయి ముక్క."

"మాంసాన్నే కరిగించే కాయ పాలని వదిలిపెడతదా?" అని, ఇక నన్ను పట్టించుకోకుండా తర్వాతి మనిషికి అరటిపండ్లు తూచింది.

క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు. బండి దాటి వచ్చేశాను. ఎండలో రోజంతా నిలబడి నాలుగు కాయలు అమ్ముకునే ఆడమనిషిని దొంగ అన్నాను. రిపేరు షాపువాడు 450 ఊరికే తీసుకున్నప్పుడు నాకు నోరు లేవలేదు, ఈమె దగ్గర లేచింది. మెత్తగా కనిపించిన వాళ్ల మీదే మనకి కోపం వస్తుంది, ఇది నేను ఒప్పుకుని తీరాలి.

రాత్రి అక్క కొడుకుకి ఫోన్ చేశాను, వాడు ఇంటర్ బైపీసీ. "మామా, అది పపైన్" అన్నాడు. బొప్పాయి జిగురులో ఉండే ఎంజైము. ప్రోటీనుని చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది, పాలలో ఉన్న ప్రోటీను అట్లా తెగినప్పుడు వచ్చే ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. వెంటనే తాగితే తెలియదు, నిలవ ఉంచితే తెలుస్తుంది. కాయ పచ్చిగా ఉన్నకొద్దీ ఆ గుణం ఎక్కువ. అనాసలో బ్రోమెలైన్ అని ఇంకొకటి, అదీ ఇదే పని చేస్తుందట.

చెప్పింది విని ఊరుకునే రకం కాదు నేను. ఆదివారం నాలుగు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో పాలు, బొప్పాయి. రెండోదాంట్లో పెరుగు, బొప్పాయి. మూడోదాంట్లో బోండాం నీళ్లు, బొప్పాయి. నాలుగోదాంట్లో పాలు, మామిడి, అరటి. ఏడింటికి మొదలుపెట్టి అరగంటకోసారి చెంచాతో రుచి చూశాను. పాల గ్లాసు ఏడున్నరకే నాలుక వెనక కొద్దిగా చేదు తగిలింది, ఎనిమిదికి బాగా తెలిసింది, తొమ్మిదికి నోట పెట్టలేకపోయాను. పెరుగుది నెమ్మదిగా, మధ్యాహ్నానికి చేదెక్కింది. బోండాం నీళ్లది సాయంత్రం దాకా తియ్యగానే ఉంది. మామిడి, అరటి కలిపినది పైన నల్లబడింది గానీ చేదు మాత్రం రాలేదు. మర్నాడు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ చూశాను, చల్లదనం దాన్ని ఆలస్యం చేస్తుంది, ఆపదు. ఈ లెక్కంతా టైములతో సహా కాగితం మీద రాసి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అక్క ఏమీ అనలేదు. పిన్నమ్మ మాత్రం ఫోన్ చేసి పెరుగు గ్లాసు గురించి అడిగింది.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. బాగా పండిన బొప్పాయి ఒక కప్పు, గింజలు ఒక్కటి కూడా లేకుండా, గింజల కింద పల్చటి పొరతో సహా గీకేయాలి. ఆ గింజ మిరియంలా ఘాటుగా ఉంటుంది, నలిగితే రుచంతా పాడు. బంగినపల్లి సగం, దానికి పీచు తక్కువ కాబట్టి వడకట్టక్కర్లేదు. అరటిపండు సగం చాలు. పాల బదులు ఒక లేత బోండాం నీళ్లు, లోపలి మీగడ కూడా గీకి వేస్తే పాలు పోసినంత చిక్కదనం వస్తుంది. చివర అర చెక్క నిమ్మరసం, అరటి నల్లబడదు. నిమ్మకాయకి మనకేం కరువు, పొదలకూరు, గూడూరు మార్కెట్ల నుంచి ఎక్కడెక్కడికో లారీలు పోతుంటాయి. పంచదార వద్దు, తేనె వద్దు. సబ్జా గింజలు మంచివే గానీ మానని చిగుళ్లలో ఇరుక్కుంటాయి, అమ్మకి వేయను. పాలు మానిపించలేదు, సాయంత్రం విడిగా ఒక గ్లాసు ఇస్తున్నాను.

అనాస కావాలంటే ముక్కలు ఐదు నిమిషాలు నీళ్లలో ఉడికించి చల్లార్చి వేయండి, వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది, నాలుక కోయడం కూడా తగ్గుతుంది. బొప్పాయితో ఆ పని చేయకండి, ఉడికిస్తే గుమ్మడికాయలా అయిపోతుంది. మామిడి, అరటిలో అయితే నిశ్చింతగా పాలు పోసుకోండి, మామిడి పుల్లగా ఉంటే మాత్రం పాలు విరుగుతాయి. మా అమ్మకి షుగర్ లేదు. ఉన్నవాళ్లు ఇది పండ్లే కదా అని పెద్ద గ్లాసు తాగకండి, డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

మొన్న సాయంత్రం మద్రాసు బస్టాండు దగ్గరికి మళ్లీ పోయాను. రెండుసార్లు బండి దాటి వెనక్కి వచ్చి, చివరికి జనం ఉన్నప్పుడే నిలబడి "అవ్వా, ఆ రోజు నేను అన్నది తప్పు" అన్నాను. అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాలనిపించింది. ఆమె తలెత్తి చూసి "మీ అమ్మ తాగతందా ఇప్పుడు?" అని అడిగి, ఒక కాయ తట్టి చూసి ఏరి తూచింది. డబ్బులు సరిగ్గా తీసుకుంది, ఒక్క రూపాయి తగ్గించలేదు. ఆ కాయతో చేసిందే ఈ రోజు అమ్మ రెండోసారి అడిగింది.

పళ్లసెట్టు జూన్ ఆఖరికి పెడతామన్నారు. అప్పటికి బంగినపల్లి అయిపోతుంది గదా అని అమ్మ దిగులు. నీలాలు ఉంటాయిలే అన్నాను.