నోరు చిన్నగా, గొంతు పెద్దగా: నా కొలిమి పొగగొట్టం

నిన్న సాయంత్రం పక్కింటావిడ గోడ మీదుగా పలకరించి, "ఈ మధ్య కొలిమి వెలిగించడం మానేశారా అండీ?" అని అడిగారు. ఆ సమయానికి మా షెడ్డులో కొలిమి గంటన్నరగా మండుతోంది. నా చేతికి తోలు గ్లవ్ ఇంకా అలాగే ఉంది. ఎనిమిది నెలల క్రితం ఇదే ఆవిడ ఇదే గోడ దగ్గర నిలబడి అన్న మాటలు గుర్తొచ్చి కాసేపు నోట మాట రాలేదు. "లేదండీ, మండుతూనే ఉంది, చూడండి" అని పైకి చూపించాను. గొట్టం కొసన గాలి సన్నగా అలలాడుతోంది తప్ప పొగ జాడ లేదు. రాత్రి ఆ సంతోషానికి నిద్ర పట్టలేదు. వివరాలు మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

కొలిమి కట్టుకోవడం పెద్ద పనేం కాదు. ఇనప బల్ల, మధ్యలో మందపాటి గుంట, దాని అడుగున గాలి వచ్చే గొట్టం, దానికో బ్లోయర్. వారంలో అయిపోయింది. దాగలి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మ, దొరకడానికి ఇంకో వారం పట్టింది. నన్ను ఏడిపించింది పొగగొట్టం ఒక్కటే.

ఆ పని రేకుల పని చేసే ఒకాయనకు అప్పగించాను. రాతిబొగ్గు కొలిమికి కనీసం 10 అంగుళాల గొట్టం ఉండాలని, 12 అయితే ఇంకా మంచిదని అప్పటికే చదివాను. ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వాడు. "పన్నెండంగుళాలా? ఫ్యాక్టరీ పెడుతున్నారా సార్? ఆరంగుళాలది చాలు. పైన గొడుగులా పెద్ద హుడ్ వేస్తే ఎంత పొగైనా పీల్చేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా" అన్నాడు. అంత అనుభవం ముందు నా చదువెంత అనుకుని తలూపాను. ఎవరైనా ఇలా ఏళ్ల లెక్క చెబితే, ఆ ఏళ్లలో రాతిబొగ్గు కొలిమికి ఎన్ని గొట్టాలు పెట్టారో అడగండి. నేను చాలా ఆలస్యంగా అడిగాను. ఒక్కటీ లేదు. అన్నీ వంటిళ్లవే.

ఆయన పెట్టింది ఇదీ. కొలిమికి రెండున్నర అడుగుల ఎత్తున వేలాడే 3 అడుగుల చదరపు హుడ్. దాని మీద 6 అంగుళాల గొట్టం. పైకప్పుకు కన్నం పెడితే కారుతుందని గొట్టాన్ని పక్కకు తిప్పి, గోడలోంచి బయటికి తీసి, మళ్లీ పైకి తిప్పాడు. అంటే రెండు ఎల్బోలు. కొసన టోపీ, టోపీ కింద నిప్పురవ్వలు ఎగరకుండా సన్నటి జాలీ. మొత్తం జింక్ పూత వేసిన రేకు. తళతళలాడుతూ చూడ్డానికి చాలా బాగుంది. మా ఆవిడ ఫొటోలు కూడా తీసింది.

మొదటిసారి వెలిగించే రోజు మామగారిని, బావమరిదిని, పక్కింటివాళ్లను, ఇద్దరు స్నేహితులను పిలిచాను. ఒక కొక్కెం కాచి, వంచి, మెలితిప్పి అందరికీ చూపించాలని నా ఆశ. కాగితాలు, చితుకులు వెలిగించి, పైన పచ్చిబొగ్గు వేసి బ్లోయర్ తిప్పాను. పచ్చిబొగ్గు అంటే ఇంకా కోక్ (కాలి పొగంతా పోయాక మిగిలే బొగ్గు) కానిది. వేడెక్కడం మొదలైనప్పుడు దాన్నుంచి పసుపు కలిసిన చిక్కటి పొగ వస్తుంది. బొగ్గులోని తారు, గంధకం అందులోనే బయటికొస్తాయి. కోక్‌గా మారాక పొగ చాలావరకు తగ్గిపోతుంది. అంటే గొట్టానికి అసలు పరీక్ష మొదటి పది పదిహేను నిమిషాలే.

పొగ హుడ్‌లోకి వెళ్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. నిమిషం గడిచేసరికి హుడ్ నిండిపోయి, అంచుల మీదుగా నాలుగు వైపులా కిందికి దిగడం మొదలైంది. ఐదు నిమిషాల్లో నా దాగలి నాకే కనిపించలేదు. బావమరిది మామగారి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లాడు. ఆయనకు గంటసేపు దగ్గు తగ్గలేదు. నేను కంగారులో బ్లోయర్ ఆపేశాను. అది ఇంకా పెద్ద తప్పు. గాలి ఆగితే మంట చచ్చి పొగ రెట్టింపవుతుంది. తలుపులోంచి దొర్లిన పొగ గోడ దాటి పక్కింట్లో ఆరేసిన బట్టల మీద పడింది. తెల్ల బట్టలు, పిల్లల యూనిఫారాలు, దుప్పట్లు.

"మీ ఇల్లు తగలబెట్టుకోవాలనుంటే తగలబెట్టుకోండి, మా పిల్లలేం పాపం చేశారండీ?" అని ఆవిడ అందరి ముందూ అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ బట్టలన్నీ తెచ్చుకుని నేనూ మా ఆవిడా రాత్రి పదకొండింటి దాకా ఉతికాం. తారు మరక సబ్బుకు లొంగదు. రెండు దుప్పట్లు కొత్తవి కొనిచ్చాం. మామగారు బయల్దేరుతూ "ఇవన్నీ మనకవసరమా అల్లుడు గారూ" అని ఒక్క మాటే అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ మాట నన్ను నెలల తరబడి తొలిచింది.

తర్వాతి వారం ఒక అధికారి వచ్చాడు. ఎవరో ఫిర్యాదు చేశారట. గొట్టం వెడల్పెంతో, ఎత్తెంతో అడగలేదు. షెడ్డులో అడుగు కూడా పెట్టలేదు. "పొగ రాకుండా చూసుకోండి, లేదంటే మూయించేస్తాం" అని కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. పొగ ఎందుకొస్తోందో తెలిస్తే నేనే ఆపేవాణ్ణి కదా! తనిఖీకి వచ్చే మనిషి చేతిలో కనీసం కొలిచే టేపైనా ఉండాలి.

అక్కడి నుంచి మూడు నెలలు చీకట్లో తడుముకున్నాను. బొగ్గు మంచిది కాదేమోనని మార్చాను. గాలి ఎక్కువవుతోందేమోనని తగ్గించాను. జాలీ విప్పి చూస్తే మసితో పూర్తిగా పూడుకుపోయి ఉంది. తీసేశాక కొంచెం నయమనిపించింది, అంతే. పక్కింటికి పొగ వెళ్లకూడదని తలుపు, కిటికీలు మూసేసి వెలిగించడం మొదలుపెట్టాను. ఎంత ప్రమాదమో అప్పుడు తెలియదు.

రేకులాయన్ని మళ్లీ పిలిస్తే, "ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి సార్, లాగి అవతల పడేస్తుంది" అని షెడ్డు గోడకు పెద్ద ఫ్యాన్ బిగించాడు. స్విచ్ వేసిన మరుక్షణం జరిగింది చూసి నాకు మతిపోయింది. గొట్టంలోకి వెళ్లిన పొగ కూడా వెనక్కి తిరిగి హుడ్‌లోంచి గదిలోకి దిగింది. "బయట గాలి ఎదురు కొడుతోంది" అన్నాడాయన. ఆ రోజు బయట ఆకు కదలడం లేదు.

ఆ ఫ్యాన్‌తోనే మొండిగా వారం రోజులు పని చేశాను. ఒక రాత్రి తల బరువెక్కి, కాళ్లు తేలిపోతున్నట్టు అనిపించింది. అదే సమయానికి గోడ మీది కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. ఎలా బయటపడ్డానో సరిగ్గా గుర్తు లేదు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కంటికి పొగ కనిపించకపోతే క్షేమమని అనుకోవద్దు. కోక్ ఎర్రగా మండుతున్నప్పుడు కూడా అది పుడుతూనే ఉంటుంది. నా మిగతా సలహాలు పక్కన పెట్టినా పర్వాలేదు, అలారం లేకుండా మాత్రం కొలిమి వెలిగించకండి. ఆ తర్వాత నెల రోజులు షెడ్డు తాళం తీయలేదు.

తీయించింది ఒక కమ్మరి పెద్దాయన. నాకు పట్టకారు పట్టుకోవడం నేర్పింది ఆయనే. విషయం విని తనే వచ్చాడు. బొగ్గు చూడలేదు, బ్లోయర్ చూడలేదు. చిన్న కాగితం ముక్క వెలిగించి హుడ్ అంచు దగ్గర పట్టుకున్నాడు. మంట నిటారుగానే ఉంది, హుడ్ వైపు ఒరగలేదు. తలుపు మూసి ఫ్యాన్ వేయమన్నాడు. మంట వెంటనే ఫ్యాన్ వైపుకు వంగింది. "చూశావా బాబూ, ఇది గదిలో గాలంతా తోడేస్తోంది. ఆ ఖాళీలోకి గాలి ఎక్కణ్ణుంచో రావాలిగా. తలుపులన్నీ మూసేశావు. మిగిలిన కన్నం ఆ గొట్టమే" అన్నాడు.

మరి హుడ్ ఎందుకు లాగడం లేదని అడిగాను. "చల్లగాలి తాగిన గొట్టం పొగ లాగదు. నోరు చిన్నది చెయ్యి, గొంతు పెద్దది చెయ్యి, మెడ వంచకు." అంతే చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి లెక్క వేశాను. 3 అడుగుల చదరపు హుడ్ నోరు 1,296 చదరపు అంగుళాలు. 6 అంగుళాల గొట్టం లోపలి వైశాల్యం సుమారు 28. నోరు గొంతుకు దాదాపు 46 రెట్లు! అంత నోట్లోకి కొలిమి పొగతో పాటు గదిలో చల్లగాలి బోలెడు దూరి, గొట్టం చేరేలోపే పొగ వేడిని చంపేస్తోంది. పొగను పైకి లాగేది ఆ వేడే. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 300 డిగ్రీల గాలి బరువు దాదాపు సగమే. ఆ తేడా వల్లే అది లేస్తుంది. గొట్టం ఎత్తు పెరిగే కొద్దీ లాగుడు పెరుగుతుంది, ప్రతి మలుపూ దాన్ని తగ్గిస్తుంది. ఇక 12 అంగుళాల గొట్టం 6 అంగుళాలదానికి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 113 చదరపు అంగుళాలు. ఈ ఒక్క గుణకారం మొదటి రోజే చేసి ఉంటే ఎవరి మాటకూ తలూపేవాణ్ణి కాదు.

పాతదంతా పీకేశాను. పీకుతుంటే ఇంకో సంగతి బయటపడింది. హుడ్ లోపల కొలిమికి దగ్గరగా ఉన్న చోట జింక్ పూత తెల్లగా పొడిలా రాలుతోంది. జింక్ 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది. దాని పొగ పీలిస్తే చలి, జ్వరం వస్తాయి. "పూత ఉంటే తుప్పు పట్టదు సార్" అన్న మాట మీద నమ్మకంతో దాన్ని నిప్పు మీద వేలాడదీసుకున్నాను. మంటకు దగ్గరగా జింక్ పూత రేకు వద్దే వద్దు. మామూలు నల్ల ఇనప రేకు పెట్టుకోండి, తుప్పు పడితే గీకి రంగు వేసుకోవచ్చు.

కొత్తది ఎవరికీ ఇవ్వలేదు. 3 మిల్లీమీటర్ల ఇనప రేకుతో నిలువు పెట్టె నేనే వెల్డింగ్ చేశాను. అది కొలిమి పైన ఉండదు, గుంట పక్కనే నిలబడుతుంది. మంట వైపు 12 అంగుళాల ఎత్తు, 9 అంగుళాల వెడల్పు ఉన్న నోరు, అంటే 108 చదరపు అంగుళాలు. గొంతు కంటే కాస్త తక్కువ. నోటి కింది అంచు బల్లకు నాలుగు వేళ్ల ఎత్తులోనే ఉంది. రాత్రి లోపల బల్బు పెట్టి చూస్తే ఒక్క అతుకులోంచీ వెలుతురు రాలేదు. ఈ వెల్డింగ్ నా పనితనమని గర్వంగా చెప్పుకుంటాను.

పెట్టె మీంచి 12 అంగుళాల గొట్టం ఒక్క వంపూ లేకుండా నేరుగా పైకప్పులోంచి బయటికి పోయింది. కన్నం పెట్టడం, చుట్టూ వాన కారకుండా రేకు కట్టడం ఒక్క పూట పని. దానికి భయపడి రెండు ఎల్బోలు పెట్టించుకోవడం ఎంత అన్యాయమో! ఒంటి పొర గొట్టానికి చుట్టూ 18 అంగుళాల దాకా చెక్క ఉండకూడదు. అందుకని ఒక వాసాన్ని కోసి పక్కకు జరిపాను. గొట్టం పైకప్పును దాటిన చోటి నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎక్కువుండాలి. నాది అంతకన్నా ఎత్తే. మూడు వైపులా తీగలతో బిగించాను.

టోపీ పెట్టలేదు. కొసన 1 అంగుళం ఎక్కువ వెడల్పున్న 4 అడుగుల గొట్టం ముక్కను చుట్టూ సందు ఉండేలా, కింద 6 అంగుళాలు అతివ్యాప్తి వచ్చేలా తొడిగాను. వాన ఎప్పుడో గానీ నిట్టనిలువుగా పడదు. చాలావరకు ఆ పై ముక్క లోపలి గోడకు తగిలి, సందులోంచి బయటికి జారిపోతుంది. పొగకు పైన అడ్డేమీ ఉండదు. ఫ్యాన్ పీకేసిన కన్నాన్ని మూసి, ఎదుటి గోడకు నేల దగ్గర అడుగున్నర చదరపు కిటికీ పెట్టాను. బయటికి ఎంత గాలి పోతే అంత లోపలికి రావాలి. అది వానొచ్చినా, చలేసినా తెరిచే ఉంటుంది.

మూడు వారాల క్రితం వెలిగించాను. ఈసారి ఎవరినీ పిలవలేదు. మా ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడింది. ముందు పెట్టె నోట్లో నాలుగు కాగితాలు కాల్చాను. గొట్టంలో చల్లగాలి దిమ్మలా కూర్చుని ఉంటుంది, దాన్ని కదిలించకుండా బొగ్గు ముట్టించకూడదు. పైనుంచి 'గుయ్' మని చప్పుడు వచ్చింది. అప్పుడు బొగ్గు వేశాను. అదే పసుపు పొగ, అంతే చిక్కగా. కానీ లేచిందల్లా పక్కకు వంగి, తాడు పట్టి లాగినట్టు పెట్టెలోకి పోయింది. మంట కొసలు కూడా అటే ఒరిగాయి. మా ఆవిడ ఏమీ అనలేదు, దగ్గరికొచ్చి నా పక్కన నిలబడింది. అంత పొగ లేచే చోట తను ముక్కు మూసుకోకుండా నిలబడడం అదే మొదటిసారి.

పెట్టె అడుగున మసి తీయడానికి చిన్న తలుపు పెట్టాను. నిన్న తీస్తే రెండు గుప్పెళ్లు వచ్చింది. ఇవాళ పొద్దున మామగారికి ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాను, వస్తానన్నారు. మొదటిసారి వెలిగించిన రోజు కొక్కెం కోసం కోసి పెట్టుకున్న ఇనుము ముక్క ఇంకా బల్ల కిందే ఉంది.