సర్కారు జీపు గుద్దింది, కేసు వేశాను, గెలిచాను

మొన్న బుధవారం పరిహారం డబ్బు నా ఖాతాలో పడింది. ఫోనులో మెసేజ్ చూసుకుని మిషను మీద తలవాల్చి ఏడ్చేశాను. 2022 ఆగస్టులో మొదలైన కష్టం ఇప్పటికి తెమిలింది. "ప్రభుత్వం మీద కేసులుండవు" అనే మాట విని ఇంకెవరూ ఇంట్లో కూర్చోకూడదని ఇది రాస్తున్నాను.

నేను టైలర్‌ని. ఆ సాయంత్రం రోడ్డు వారగా ఇంటికి నడిచి వస్తుంటే ఒక శాఖవాళ్ల జీపు వెనకనుంచి గుద్దింది. కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది, రాడ్ వేశారు. పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి డ్రైవర్ మీద చార్జిషీటు వేశారు. అంతవరకు ఇబ్బంది లేదు.

చంకకర్రలతో మెట్లెక్కి ఆ శాఖ ఆఫీసుకు వెళ్లి, బండి ఇన్సూరెన్స్ వివరాలు ఇమ్మని అడిగాను. ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో ఫైళ్లు పేర్చి ఉన్నాయి. అవి తీసి కూర్చోమన్నవాళ్లు లేరు. అరగంట నిలబెట్టాక అక్కడి పెద్ద గుమాస్తా తల ఎత్తకుండానే, "సర్కారు బండికి ఇన్సూరెన్స్ ఉండదమ్మా. డ్రైవర్ డ్యూటీలో ఉన్నాడు. ప్రభుత్వం మీద కేసులుండవు" అన్నాడు.

మొదటి మాట నిజమే. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రభుత్వ వాహనాలకు బీమా నుంచి మినహాయింపు ఇచ్చింది. చివరి మాట అబద్ధం. దాన్ని నమ్మి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. 2022 ఏప్రిల్ నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలని చట్టం. మా వదిన బలవంతంగా లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్లకపోతే ఆ గడువూ దాటిపోయేది.

పిటిషన్‌కు జవాబుగా శాఖ కౌంటర్ వేసింది. అధికారి తనిఖీకి వెళ్తున్నాడట, అది సార్వభౌమ విధి, అంటే రాజ్యం మాత్రమే చేయగల పని అట, అందుకని బాధ్యత లేదట. 1965 నాటి కస్తూరిలాల్ తీర్పు చూపించారు. మీరట్‌లో పోలీసులు ఒక వ్యాపారి బంగారం పట్టుకుంటే, హెడ్ కానిస్టేబుల్ దాంతో పాకిస్తాన్ పారిపోయాడు. అరెస్టూ, స్వాధీనమూ రాజ్యాధికారం కాబట్టి పరిహారం ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. లాయరమ్మ దానికి 1962 నాటి విద్యావతి తీర్పుతో జవాబిచ్చింది. ఉదయపూర్‌లో కలెక్టర్ జీపు రిపేరు చేయించుకుని వస్తూ నడిచిపోతున్న మనిషిని గుద్ది చంపింది. రాజస్థాన్ ప్రభుత్వమే 15,000 రూపాయలు ఇవ్వాలన్నారు. మన కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు కూడా చూపించింది. 1977లో జైల్లో బాంబులేస్తే తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. జైలు నడపడం సార్వభౌమ విధే అని ప్రభుత్వం ఎంత వాదించినా 2000లో సుప్రీంకోర్టు 1,44,000 రూపాయల పరిహారాన్ని ఖాయం చేసింది. ఇవి విన్న రోజు నాకు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యమంతా క్రాస్ ఎగ్జామినేషన్ రోజున, ఎదుటి వకీలు నన్ను ప్రశ్నలడిగినప్పుడు, పోయింది. ప్రభుత్వ వకీలు నన్ను బోను దిగి గోడదాకా నడిచి చూపించమన్నాడు. హాలు నిండా జనం. నడిచాను. "నడుస్తున్నావుగా!" అన్నాడు. మళ్లీ నడవమన్నాడు. తర్వాత, "కాలు బాగాలేకపోతే మిషనుకు మోటారు పెట్టుకోవచ్చు కదా, సంపాదనకు నష్టమేముంది?" అని అడిగాడు. చెవులు వేడెక్కాయి, నోరు ఎండిపోయింది. అయినా చెప్పాను: "మోటారు మిషనునూ పాదంతోనే నొక్కాలి సార్. నా కుడిపాదానికి ఇప్పుడు ఎంత నొక్కానో తెలియదు. మెల్లగా నొక్కాననుకుంటే సూది పరిగెత్తుతుంది. మెడ గుండ్రం తిప్పేచోట బట్ట పాడవుతుంది. పెళ్లి బ్లౌజు పాడైతే దాని ఖరీదు నేనే కట్టుకోవాలి." జడ్జిగారు పెన్ను తీసుకుని ఆ మాటలు స్వయంగా రాసుకున్నారు. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో వైకల్యం 30 శాతమే ఉన్నా, నా పనికి వచ్చిన నష్టం అంతకంటే ఎక్కువని తీర్పులో రాశారు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని గురించి నాకంటే ఆ వకీలుకు ఎక్కువ తెలుస్తుందా?

తీర్పు వచ్చాక 30 రోజుల్లో డబ్బు జమ చేయాలి. చేయలేదు. అడిగితే బడ్జెట్ లేదన్నారు. తీర్పు అమలు చేయించమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేశాం. జీపు జప్తు చేయమని ఆర్డరు వచ్చిన రెండు వారాలకు మొత్తం వడ్డీతో సహా కోర్టులో పడింది. అప్పటిదాకా లేని బడ్జెట్ అప్పుడెక్కడిది?

"డ్రైవర్ డ్యూటీలో ఉన్నాడు" అంటే బెదరకండి. ఆ మాటే యజమానిని బాధ్యుణ్ని చేస్తుంది. బండి ఎప్పుడు, ఏ పనిమీద తిరిగిందో రాసే లాగ్‌బుక్ నకలు అడిగి తెప్పించుకోండి. నా కేసులో ఆ ఒక్క పేజీ చాలా పనిచేసింది. బండి కాకుండా సర్కారు గోడ కూలో, ఇంకేదో జరిగో దెబ్బ తగిలితే సివిల్ కోర్టులో దావా వేయాలి. దానికి ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద కలెక్టరుకు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. నోటీసు చేతికిచ్చి రాకుండా రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ఆఫీసులో నోటిమాటగా చెప్పే చట్టాన్ని మాత్రం నమ్మొద్దు.

కేసు ఖర్చులకు వదిన తన గాజులు తాకట్టు పెట్టింది. శుక్రవారం ఇద్దరం వెళ్లి విడిపించుకొస్తున్నాం.