చావు గుమ్మం దాకా

ఇంగ్లండులో మా పక్కింటి పెద్దావిడ జలుబు చేసినప్పుడల్లా ఒకటే మాట అంటుంది: "ఐ యామ్ నాట్ ఎట్ డెత్స్ డోర్ యెట్." చావు గుమ్మం దాకా ఇంకా పోలేదులే అని. మనం 'కాటికి కాళ్లు చాచుకుని' అనేది పండు ముసలివాళ్లను. ఈ మాటకు వయసుతో పనిలేదు, జబ్బు ముదిరితే చాలు.

పోయిన నవంబరులో మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చినప్పుడు నేనూ మావారితో అదే అన్నాను. పారాసెటమాల్ వేసుకుని ముసుగు తన్ని పడుకున్నాను.

మూడో రోజు ఆయన చారన్నం కలిపి తెస్తే ఆ వాసనకే కడుపులో తిప్పేసింది. పొద్దున్నుంచి మూత్రానికే వెళ్లలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. నొప్పేమీ లేదు, నిద్ర ముంచుకొస్తోంది. అంత హాయిగా ఉండటం తలుచుకుంటేనే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. నేను పొంతన లేకుండా మాట్లాడుతున్నానని ఆయన ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేశారు.

ఎమర్జెన్సీలో నర్సు నా వేలిగోరు కాసేపు గట్టిగా నొక్కి వదిలింది. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. నాది మైనం ముక్కలా తెల్లగానే ఉండిపోయింది. దాన్నే చూస్తున్నాను, అది నా వేలే అనిపించలేదు. ఇక అందరూ ఉరుకులు పరుగులు. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీశారు, గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు, సెలైన్ పెట్టారు. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ సెప్సిస్‌గా మారి, అంటే దానితో పోరాడబోయి ఒళ్లు తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితికి వచ్చి, బీపీ పడిపోయిందట.

ఐదో రోజు ఆ నర్సే వచ్చి నా చెయ్యి పట్టుకుని, "యూ వర్ ఎట్ డెత్స్ డోర్, మై లవ్" అంది. ఈసారి ఆ మాటలో 'నాట్' లేదు.

1535లో మైల్స్ కవర్‌డేల్ అనువదించిన బైబిల్లోనే, 107వ కీర్తనలో ఈ మాట ఉందని తర్వాత చదివాను. ఏ తిండీ సహించక చావు గుమ్మం దాకా వెళ్లినవాళ్ల గురించి. నాకు వెంటనే చారన్నం గిన్నె గుర్తొచ్చింది.

అమ్మ ఫోన్లో "నీకింకా భూమ్మీద నూకలున్నాయే తల్లీ" అని ఏడ్చింది. నాకు ఆ మాటే ఇష్టం. గుమ్మం అంటే ఒక్కదాన్నే నిలబడ్డట్టుంటుంది. నూకలంటే ఎవరో నాకోసం గిన్నెలో కాసిని మిగిల్చినట్టుంటుంది.

రెండు నెలలయ్యాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. మెట్లెక్కుతూ మధ్యలో కూలబడేదాన్ని. ఇప్పుడు జుట్టు మళ్లీ వస్తోంది, మెట్లూ ఎక్కగలుగుతున్నాను. పక్కింటావిడ ఒళ్లు వెచ్చబడిందంటే మాత్రం, ఆ మాట ఆమె నోట రాకముందే, మూత్రం సరిగ్గా వస్తోందా, పొద్దున్నుంచి ఏం తిన్నారు అని అడిగేస్తున్నాను.